చెత్త చీటీ తారుమారైతే క్యాన్సర్!

మన ఒంట్లోని ప్రతి కణంలోనూ చెత్త ఏరివేత రాత్రింబవళ్లు సాగుతూనే ఉంటుంది. ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తేల్చే గుర్తు ఓ బుల్లి ప్రొటీన్. ఆ గుర్తు పడాల్సిన చోట పడకపోయినా, పడకూడని చోట పడినా కొంప మునిగినట్టే. ఈ గుట్టు విప్పడంలో ఓ హైదరాబాద్ ప్రయోగశాలకు వాటా ఉంది. ఆ గుట్టు మీదే పనిచేసే మందును చవగ్గా అందించడంలో హైదరాబాద్ కంపెనీలకూ వాటా ఉంది.

మణికొండలో మర్రిచెట్టు జంక్షన్ దాటి లోపలికి వెళ్తే ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే. అక్కడ రెండు రోజులు చెత్త బండి రాకపోతే ఎలా ఉంటుందో కాపురముండేవాళ్లకు చెప్పక్కర్లేదు. మెట్ల కింద కవర్లు, లిఫ్టు దగ్గర వాసన, సెల్లార్‌లో ఈగలు. సరే, బండి రోజూ ఠంచనుగా వస్తుందనే అనుకుందాం. కానీ ఏది చెత్తో ఏది కాదో తెలియని మనిషికి ఆ పని అప్పగిస్తే? కుళ్లిన కూరగాయల్ని అలాగే వదిలేసి, గోడకున్న మంటలార్పే సిలిండర్‌నీ గేటు తాళాన్నీ పట్టుకెళ్లి బండిలో పడేస్తే?

మొదటిది ఇబ్బంది. రెండోది ప్రమాదం. క్యాన్సర్ కణంలో ఈ రెండూ జరుగుతాయి!

క్యాన్సర్ అనగానే జన్యువులు చెడిపోవడం, కణాలు అడ్డూ అదుపూ లేకుండా పెరిగిపోవడం అని చదువుతుంటాం. అది నిజమే. కానీ కణం ఏం తయారుచేస్తోందన్నది సగం కథే. ఏం పారేస్తోంది, ఏం పారెయ్యకుండా దాచుకుంటోంది అన్నది మిగతా సగం. ఈ సగం శాస్త్రవేత్తలకు కూడా చాలాకాలం పట్టలేదు. పట్టాక మాత్రం మందుల దుకాణం రూపురేఖలే కొంత మారిపోయాయి.

అంతటా ఉండేది... అందుకే ఆ పేరు

దాని పేరు యుబిక్విటిన్. 76 అమైనో ఆమ్లాల గొలుసు. ప్రొటీన్లలో ఇది పొట్టిదే. 1975లో దీన్ని గుర్తించినప్పుడు ఎక్కడ వెతికినా కనిపించిందట. అందుకే 'అంతటా ఉండేది' అనే అర్థం వచ్చేలా పేరు పెట్టారు. ఈస్ట్ నుంచి మనిషి దాకా దాదాపు ఒకే రూపంలో ఉంటుంది. కోట్ల ఏళ్లుగా ప్రకృతి దీన్ని పెద్దగా మార్చలేదంటే దీని పని ఎంత ముఖ్యమో ఊహించుకోవచ్చు.

ఇంతకీ ఆ పని ఏమిటి? ఇది జవాబు తెలియని ప్రశ్నగానే కొన్నాళ్లు ఉండిపోయింది. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో అవ్రాం హెర్ష్కో, ఆయన శిష్యుడు ఆరన్ చికనోవర్, అమెరికాలో ఇర్విన్ రోజ్... ఈ ముగ్గురూ 1970ల చివర, 1980ల మొదట్లో చేసిన ప్రయోగాలు దాన్ని తేల్చాయి. ఆ రోజుల్లో అందరి చూపూ ప్రొటీన్లు ఎలా తయారవుతాయన్న దాని మీదే. అవి ఎలా చస్తాయన్నది ఎవరికీ పట్టని సంగతి. ఆ పట్టని సంగతికే 2004లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది.

మూడు చేతులు, నాలుగు చీటీలు

పద్ధతి ఇలా ఉంటుంది. కణంలో ఓ ప్రొటీన్ పాడైపోయినా, పని పూర్తయి ఇక అక్కర్లేకపోయినా దానికి యుబిక్విటిన్‌ను చీటీలా అంటిస్తారు. ఈ పనికి మూడు రకాల ఎంజైములు కావాలి. శాస్త్రవేత్తలు వాటిని ఇ1, ఇ2, ఇ3 అంటారు. ఇ1 చీటీని సిద్ధం చేస్తుంది. ఇ2 దాన్ని అందుకుని మోస్తుంది. ఇ3 మాత్రం అసలు మనిషి. ఏ ప్రొటీన్‌కు చీటీ పడాలో వెతికి పట్టుకునేది అదే. మనుషుల్లో ఇ1లు రెండు, ఇ2లు నలభై దాకా, ఇ3లు 600కు పైగా ఉన్నాయి. ఒక్కో ఇ3కి తనవంటూ కొన్ని ప్రొటీన్లు ఉంటాయి. వీధికో మేస్త్రీ ఉన్నట్టన్నమాట.

ఒక చీటీ అంటిస్తే సాధారణంగా సరిపోదు. దాని మీద ఇంకోటి, దాని మీద మరోటి... ఇలా కనీసం నాలుగు గొలుసులా పడితే అది 'పారెయ్' అన్న ఆదేశం. అప్పుడు ఆ ప్రొటీన్ పీపా ఆకారంలో ఉండే ప్రొటియసోమ్ అనే యంత్రంలోకి వెళ్తుంది. మనిషి కణం ఒక్కోదానిలో ఇలాంటి పీపాలు 30 వేల దాకా ఉంటాయని అంచనా. లోపలికి వెళ్లిన ప్రొటీన్ ముక్కలుముక్కలై బయటికొస్తుంది. ఆ ముక్కలతో కణం మళ్లీ కొత్త ప్రొటీన్లు కట్టుకుంటుంది. చీటీలు మాత్రం పీపాలోకి పోవు. లోపలికి పోయే ముందే ఊడదీసి, మరో ప్రొటీన్‌కు అంటించడానికి దాస్తారు. ఇంత పొదుపైన పారిశుద్ధ్యం ఏ ఊళ్లోనూ ఉండదు!

ఈ చీటీ అంటించే పనికే యుబిక్విటినేషన్ అని పేరు.

కాపలాదారును బయటికి గెంటి...

మన కణాల్లో పి53 అనే ప్రొటీన్ ఉంది. జన్యువుల్లో దెబ్బ తగిలిందని తెలిస్తే కణ విభజనను ఆపేస్తుంది. బాగుచేయడం కుదరకపోతే కణాన్ని ఆత్మహత్య చేసుకొమ్మంటుంది. ఒంటి కోసం ఒక్క కణాన్ని బలిచ్చే కాపలాదారు ఇది. ఇంత కఠినుడు ఎప్పుడూ చేతిలో కర్రతో తిరుగుతుంటే మంచి కణాలు కూడా బతకలేవు. అందుకే మామూలు రోజుల్లో ఎండీఎం2 అనే ఇ3 దీనికి ఎప్పటికప్పుడు చీటీలు అంటించి తగ్గిస్తూ ఉంటుంది. ఆపద వచ్చినప్పుడు చీటీలు ఆగుతాయి, కాపలాదారు పెరుగుతాడు.

కొన్ని క్యాన్సర్లలో ఈ ఎండీఎం2 అవసరానికి మించి తయారవుతుంది. అప్పుడు ఆపద ముంచుకొచ్చినా పి53 చెత్తలోకే పోతుంది. జన్యువు బాగానే ఉంటుంది, ప్రొటీన్ కూడా తయారవుతుంది. కానీ పని చేసే సమయానికి ఇంట్లో ఉండదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కథ ఇంతకంటే విడ్డూరం. దానికి కారణమైన హ్యూమన్ పాపిలోమా వైరస్ దగ్గర సొంత చీటీ యంత్రం లేదు. అది ఇ6 అనే ప్రొటీన్‌ను తయారుచేసి, మన కణంలోనే ఉన్న ఓ ఇ3ని చేయి పట్టుకుని పి53 దగ్గరికి తీసుకెళ్తుంది. మన మేస్త్రీ చేతే మన కాపలాదారుకు చీటీ అంటిస్తుంది! 1990లో, ఆ తర్వాత 1993లో వెలువడిన పరిశోధనలు ఈ కుట్రను బయటపెట్టాయి.

దీనికి పూర్తిగా తిరగేసిన కథ మూత్రపిండాల క్యాన్సర్లో కనిపిస్తుంది. అక్కడ వీహెచ్ఎల్ అనే ప్రొటీన్ పనిచెయ్యడం మానేస్తుంది. దాని పని హిఫ్ అనే ప్రొటీన్‌కు చీటీ పడేలా చూడటం. ఆక్సిజన్ తక్కువైనప్పుడు మాత్రమే హిఫ్ కావాలి. కొత్త రక్తనాళాల్ని రప్పించడం వంటి పనులు దానివి. వీహెచ్ఎల్ లేకపోతే హిఫ్ పారెయ్యాల్సిన చెత్తలా కాక ఇంట్లోనే తిష్ఠ వేస్తుంది. కణితికి రక్తం పుష్కలంగా అందుతుంది. ఆక్సిజన్‌ను కణాలు పసిగట్టే తీరును తేల్చిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో వైద్య నోబెల్ వచ్చింది. ఆ తీరుకు కీలకం ఈ చీటీయే.

హైదరాబాద్‌లో పట్టుబడిన దొంగ

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మణికొండ నుంచి బయల్దేరి నగరాన్ని ఆ చివరికి దాటితే ఉప్పల్. అక్కడ సీడీఎఫ్‌డీ ఉంది. డీఎన్ఏ వేలిముద్రల కేంద్రం అంటే చాలామందికి నేరాల కేసులే గుర్తొస్తాయి. కానీ ఈ సంస్థలో కణాల చావుబతుకుల మీద కూడా పరిశోధన జరుగుతోంది. అందులో ఓ విభాగానికి డాక్టర్ మద్దిక సుబ్బారెడ్డి నాయకుడు.

ఆయన బృందం పీటెన్ అనే ప్రొటీన్ మీద దృష్టి పెట్టింది. 1997లో గుర్తించిన ఈ ప్రొటీన్ కూడా పి53 లాంటి కాపలాదారే. కణానికి 'పెరుగు, బతుకు' అని వచ్చే సంకేతాలకు ఇది బ్రేకు వేస్తుంది. మెదడు, ప్రొస్టేట్, గర్భాశయం... ఇలా ఎన్నో క్యాన్సర్లలో పీటెన్ దెబ్బతిని ఉంటుంది. చిక్కేమిటంటే కొందరిలో పీటెన్ జన్యువును చూస్తే చెక్కుచెదరకుండా ఉంటుంది, కణంలో ప్రొటీన్ మాత్రం కనిపించదు. అంటే తయారీలో లోపం లేదు. మరెవరో పట్టుకెళ్తున్నారు!

ఎవరు? సుబ్బారెడ్డి బృందం అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి వెతికి ఓ ఇ3ని పట్టుకుంది. దాని పేరు డబ్ల్యూడబ్ల్యూపీ2. ఇది పీటెన్‌ను అంటిపెట్టుకుని, దానికి యుబిక్విటిన్ చీటీలు వేసి, చెత్తలోకి పంపుతోందని వాళ్లు చూపించారు. అంతటితో ఆగలేదు. కణాలు చావకుండా మొండికెయ్యడంలోనూ, కణితిగా మారగల శక్తి సంపాదించడంలోనూ ఈ ఇ3 పాత్ర ఉందని తేల్చారు. ఈ పరిశోధన 2011లో 'నేచర్ సెల్ బయాలజీ' పత్రికలో వచ్చింది. ప్రపంచంలో ఈ రంగంలో పనిచేసేవాళ్లంతా చూసే పత్రిక అది.

దీనివల్ల రోగికి ఒరిగేదేమిటి? పోయిన జన్యువును తిరిగి తేవడం చాలా కష్టం. కానీ ఉన్న ప్రొటీన్‌ను ఎవరో పారేస్తుంటే ఆ చేతిని పట్టుకోవచ్చు. మందు తయారుచేసేవాళ్లకు అది ఓ గురి. గురి దొరికినంత మాత్రాన మందు దొరికినట్టు కాదు, దానికి ఏళ్లు పడుతుంది. అయితే గురి లేకుండా మాత్రం ఏ మందూ రాదు.

చెత్త బండికే అడ్డం పడితే!

అన్ని మందులూ అంత గురి చూసి కొట్టవు. మొదట వచ్చిన మందు ఏకంగా పీపాకే మూత పెట్టింది. దాని పేరు బోర్టెజొమిబ్. 2003లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని మల్టిపుల్ మైలోమా అనే రక్త సంబంధ క్యాన్సర్‌కు అనుమతించింది.

పీపా మూస్తే మంచి కణాలు కూడా చావాలి కదా అని అనుమానం రావడం సహజం. మైలోమా ప్లాస్మా కణాల్లో వచ్చే క్యాన్సర్. ఈ కణాల పని యాంటీబాడీల తయారీ. అంటే తక్కిన కణాలకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ప్రొటీన్ కుమ్మరిస్తుంటాయి. ఎక్కువ వండే ఇంట్లో చెత్తా ఎక్కువే. బండి ఆగితే ముందు ఉక్కిరిబిక్కిరయ్యేది ఆ ఇల్లే. బోర్టెజొమిబ్ ఆ కిటుకు మీదే పనిచేస్తుంది. తక్కిన కణాలకు నష్టం లేదని కాదు. కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కడం, మంటలు పుట్టడం ఈ మందుతో తరచూ కనిపించే ఇబ్బందులు. అందుకే డాక్టర్లు మోతాదు చూసుకుంటూ ఇస్తారు.

శాపం... వరం

ఇదే జబ్బుకు వాడే మరో మందు చరిత్ర వింటే ఒళ్లు జలదరిస్తుంది. 1957లో జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్రమాత్ర మార్కెట్లోకి వచ్చింది. గర్భిణులు వేవిళ్లకు కూడా వాడారు. ఫలితంగా చేతులూ కాళ్లూ సరిగా లేని పిల్లలు పుట్టారు. ప్రపంచవ్యాప్తంగా పది వేల మందికి పైనే. 1961లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి ఎంత ఒత్తిడి వచ్చినా సంతకం పెట్టకపోవడంతో అక్కడ పెద్ద ముప్పు తప్పింది.

అలాంటి మందును అమెరికాలోని అర్కాన్సా విశ్వవిద్యాలయ వైద్యులు మైలోమా రోగులకు ఇచ్చి చూసి, 1999లో ఫలితాలు వెల్లడించారు. వాళ్లు 84 మంది. వేరే మందులకు లొంగని జబ్బు. దాదాపు మూడోవంతు మందిలో గుణం కనిపించింది. ఎందుకు పనిచేసిందో మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు. దాన్నే కాస్త మార్చి తయారుచేసిన లెనాలిడోమైడ్ మైలోమాకు 2006లో వచ్చింది. అదెలా పనిచేస్తుందో కూడా తెలియదు!

2010లో జపాన్ శాస్త్రవేత్తలు ముడి విప్పారు. థాలిడోమైడ్ కణంలో వెళ్లి అతుక్కునేది సెరెబ్లాన్ అనే ప్రొటీన్‌కు. అది ఓ ఇ3లో భాగం. 2014 నాటికి మిగతాది తేలిపోయింది. లెనాలిడోమైడ్ వెళ్లి కూర్చోగానే సెరెబ్లాన్ చూపు మారుతుంది. మామూలుగా తన జోలికి రాని ఇకారోస్, అయోలోస్ అనే రెండు ప్రొటీన్లను పట్టుకుని చీటీ అంటిస్తుంది. ఆ రెండూ లేకపోతే మైలోమా కణం బతకలేదు. అంటే మందు తనంతట తాను దేన్నీ చంపడం లేదు. చీటీ అంటించే చేతిని పక్కకు తిప్పుతోందంతే. వైరస్ మనల్ని దెబ్బతీయడానికి వాడిన ఎత్తునే ఈ మందు క్యాన్సర్ మీద వాడుతోందన్నమాట.

పిల్లల విషాదానికి కారణం కూడా ఇదే దారిలో దొరికింది. పిండంలో కాళ్లూ చేతులూ రూపుదిద్దుకోవడానికి అవసరమైన సాల్4 అనే ప్రొటీన్‌కు కూడా థాలిడోమైడ్ వల్ల చీటీ పడుతుందని 2018లో తేలింది. ఒకే చేయి. ఒకచోట శాపం, మరోచోట వరం.

మాత్ర ఖరీదెంత?

జబ్బుకు మందుందన్నంత మాత్రాన సరిపోదు, కొనగలగాలి. లెనాలిడోమైడ్‌ను నెలల తరబడి, కొందరు ఏళ్ల తరబడి మింగాలి. 2005లో అమెరికాలో ఈ మందు మొదటిసారి మార్కెట్లోకి వచ్చినప్పుడు ఒక్క మాత్ర 215 డాలర్లు. ఆ తర్వాత 20 సార్లకు పైగా ధర పెంచి 719 డాలర్లకు చేర్చారని 2020లో అక్కడి కాంగ్రెస్ కమిటీ నిలదీసింది.

బంజారాహిల్స్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న నాట్కో ఫార్మా మన దేశంలో ఈ మందును తన సొంత బ్రాండుతో అమ్ముతోంది. అమెరికాలో మాత్రం పేటెంట్ల మీద పోరాటం తప్పలేదు. 2015 డిసెంబరులో అసలు కంపెనీతో రాజీ కుదిరింది. 2022 మార్చిలో నాట్కో భాగస్వామి కంపెనీ అక్కడ మొదటి జనరిక్ లెనాలిడోమైడ్‌ను విడుదల చేసింది. అదే ఏడాది సెప్టెంబరులో మన డాక్టర్ రెడ్డీస్ కూడా వచ్చింది. రాజీ షరతుల ప్రకారం 2026 జనవరి చివరి దాకా పరిమితంగానే అమ్మాలని నిర్ణయించారు. మందు కనిపెట్టడం ఒక ఘనత. దాన్ని మామూలు మనిషి చేతికి అందించడం ఇంకో ఘనత. ఈ రెండోదానిలో హైదరాబాద్ పేరు ప్రపంచమంతా తెలుసు.

ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా కంపెనీలన్నీ ఇదే బాటలో మరో అడుగు వేస్తున్నాయి. ఒక చివర ఇ3ని, మరో చివర పారెయ్యాల్సిన ప్రొటీన్‌ను పట్టుకునే రెండు కొక్కేల మందులు తయారుచేస్తున్నాయి. వీటిని ప్రొటాక్‌లు అంటున్నారు. 2001లో ఆలోచనగా మొదలైన ఈ పద్ధతిలో రొమ్ము క్యాన్సర్‌కు తయారైన ఓ మందు మూడో దశ ప్రయోగ ఫలితాలు 2025లో వెలువడ్డాయి.

మన ఇంట్లో ఏం చూసుకోవాలి?

మణికొండ ఫ్లాట్లలో చాలా ఇళ్లలో సీను ఒకటే. పిల్లలిద్దరూ ఆఫీసుకు, ఊరి నుంచి వచ్చిన అమ్మో నాన్నో ఇంట్లో. 'నడుం నొప్పిరా' అంటే వయసు మీద పడిందిలే అని ఓ మాత్ర, ఓ స్ప్రే. చాలామందిలో అది నిజంగా వయసు నొప్పే. కానీ నెలల తరబడి తగ్గని ఎముకల నొప్పికి తోడు నీరసం, రక్తం తగ్గిపోవడం, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు, క్రియాటినిన్ పెరగడం... ఇవి జతకలిస్తే ఓసారి మైలోమా కోణంలో చూడమని డాక్టర్ని అడగడంలో తప్పులేదు. రక్తంలో ప్రొటీన్ల తీరు చూసే ఎలక్ట్రోఫొరెసిస్ పరీక్షతో చాలావరకు జాడ తెలుస్తుంది. ఆ తర్వాత ఎముక మూలుగ పరీక్ష. మైలోమాను పూర్తిగా పోగొట్టడం ఇప్పటికీ కష్టమే. కానీ ముందుగా పట్టుకుంటే ఎముకలూ మూత్రపిండాలూ దెబ్బతినకుండా, ఏళ్ల తరబడి అదుపులో పెట్టుకుని బతికే వీలుంది.

లెనాలిడోమైడ్ వాడేవాళ్లున్న ఇంట్లో ఓ జాగ్రత్త తప్పనిసరి. ఆ మాత్రలు గర్భిణుల చేతికి అందకూడదు. మాత్రను విప్పడం, విరగ్గొట్టడం చెయ్యకూడదు. ఆ మందు వాడుతున్నంత కాలం, ఆపాక కూడా కొంతకాలం రక్తదానం చెయ్యకూడదు. ఎందుకో సాల్4 సంగతి చదివాక వేరే చెప్పనక్కర్లేదు.

ఇక ఆడపిల్లలున్న తల్లిదండ్రులకు ఓ మాట. పాపిలోమా వైరస్ కుట్రకు విరుగుడు మందు కంటే ముందు టీకా ఉంది. 9 నుంచి 14 ఏళ్ల వయసులో వేయిస్తే బాగా పనిచేస్తుంది. మన దేశంలో తయారైన సర్వావ్యాక్‌కు 2022లో అనుమతి వచ్చింది. టీకా వేసుకున్నా సరే, పెద్దయ్యాక డాక్టర్ చెప్పిన వయసు నుంచి ముఖద్వార పరీక్షలు మానకూడదు. పి53కి దొంగ చీటీ పడకుండా ముందే అడ్డుకునే అవకాశం చేతిలో ఉంది. ఈ వేసవి సెలవుల్లో పిల్లల డాక్టర్ని ఒక్కసారి అడిగి చూడండి.